రెండు విజిళ్ళ భాష

గజలక్ష్మీ,
సంచీ పట్టీ ఎడమ భుజానికి తగిలించుకో.
కుడి భుజానికి తగిలించుకున్నవాళ్ళు
పదేళ్ళకి ఒక పక్కకి ఒరిగి నడవడం చూశాను.
ఎడమ భుజంవాళ్ళూ ఒరుగుతారనుకో,
కానీ కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి మనకి.

తెల్లారుజామున మూడూ నలభైకి వ్యాసర్‌పాడి డిపో
దోమలతో, డీజిలు కంపుతో లేస్తుంది.
చిల్లర లెక్కపెట్టుకుని సంతకం పెట్టు.
సొంత అన్న ఇచ్చినా లెక్కపెట్టుకో.

జీతమెంతో నీకు చెప్పే ఉంటారు.
నేను వాళ్ళు చెప్పనివి చెప్తాను.

నీళ్ళు తాగడం తగ్గించేస్తావు. వద్దు, తాగు.
ఏ చివరి స్టాపులో తలుపుకి గడియ ఉందో
పక్క షిఫ్టు తాయారుని అడుగు.
కాసిమేడులో ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్
ఆమెకైతే తాళంచెవి ఇస్తాడు, నీకూ ఇస్తాడు.

ఆడవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోం ఇప్పుడు,
టికెట్టు మాత్రం ఇవ్వాలి.
‘ఊరికే’ అన్న మాట నీ నోట రానీయకు.

పెళ్ళి భోజనాల వరసలో నిలబడి
‘ఉళ్ళె పో, ఉళ్ళె పో’ అని అరుస్తావొకరోజు.
చుట్టాలు నవ్వుతారు. నవ్వనీ.
నేను అరిచేది అరవంలో, చిల్లర లెక్క తెలుగులో,
తిట్టు మాత్రం ఏది ముందొస్తే అది.

సాయంత్రం ఆరింటికి నీ సీట్లోంచి కదల్లేవు.
ముందు మెట్టు మీద ఎవడో ఇరవై నోటు తీసి
ఎదుటి భుజాన్ని తడతాడు.
పదకొండు చేతులు మారి, సగం చెమటకి తడిసి
నీ దాకా వస్తుంది నోటు.
‘బ్రాడ్‌వే ఒకటి’ అన్న మాట
దాని వెనకే నోటినోటా నడిచొస్తుంది.
టికెట్టూ, మిగతా డబ్బూ
మళ్ళీ అవే చేతుల మీదుగా వెనక్కి.
ఎవరి పేరు ఎవరికీ తెలీదు.
ఇరవై ఆరేళ్ళలో మధ్యలో ఎప్పుడూ
రూపాయి మాయం కాలేదని అనను.
నాలుగుసార్లయింది.
నాలుగంటే నాలుగే.

ఏకాంబరం ముఖం నాకంత గుర్తుండదు.
మెడ వెనక పుట్టుమచ్చ తెలుసు,
కోపమొస్తే అది కాలర్లోకి దిగడం తెలుసు.
ఒక విజిల్ ఊదితే ఆగు, రెండు ఊదితే పో.
పద్నాలుగేళ్ళుగా మా మధ్య ఇంతే భాష.
పోట్లాడుకున్నదీ దీంతోనే,
రాజీపడ్డదీ దీంతోనే.

దేశమ్మ అని ఒకావిడ, ఐదూ పది ట్రిప్పులో
చేపల గంపతో ఎక్కేది.
గంపకి టికెట్టు కొట్టాలంటాను నేను.
గంపేమైనా సీట్లో కూర్చుందా అంటుందామె.
రోజూ ఇదే. ఒక్కోరోజు మా అమ్మనీ కలిపేది.
ఒకసారి దిగిపోతూ నా సీటు కింద
కాగితంలో చుట్టిన నెత్తళ్ళు వదిలేసింది,
మర్నాడు మళ్ళీ అదే పోట్లాట.

ఒక మంగళవారం ఆమె లేదు.
దిగేవాళ్ళు లేరు, ఎక్కేవాళ్ళు లేరు.
నేను ఒక విజిల్ ఊదాను.
ఆపాడు ఏకాంబరం. అద్దంలోకి ఒకసారి చూశాడు.
అరనిమిషం. ఖాళీ స్టాపు, తడి రోడ్డు.
‘ఏం కండక్టరూ, నిద్దరా?’ అన్నారెవరో.
అప్పుడు రెండు ఊదాను.
ఎనిమిది రోజులు అలాగే ఆగాం.
తొమ్మిదో రోజు ఆమె కూతురు
అదే గంపతో ఎక్కి
గంపకి టికెట్టేంటి అంది.
తల్లి సంగతి నేనడగలేదు. పిల్ల చెప్పలేదు.
ఆగినచోటి నుంచే మొదలైంది పోట్లాట.

అరనిమిషం ఆలస్యమెందుకని టైంకీపరు అడిగితే
ట్రాఫిక్ అని చెప్పు.

నా మోకాళ్ళు చూసి డాక్టరు
నన్ను ఆఫీసు కుర్చీకి రాసేశాడు.
ఈ రోజు నుంచి ఆ బండి నీది,
ఆ మెడ మీది మచ్చా నీదే.

నాలుగూ ఐదైంది, ఎక్కు.
ఏదీ, ఒకసారి ఊది చూపించు.
అంత గట్టిగా అక్కర్లేదమ్మా.
అతను వింటాడు.