సుగ్రీవాజ్ఞ

చీమకుర్తిలో రాయి కోసే ఫ్యాక్టరీకి
పదకొండేళ్లుగా నేను టైమ్‌కీపర్ని.
వచ్చినోడికి 'హా', రానోడికి 'గై'.
ఈ రెంటి మధ్యా ఇంకో అక్షరం ఉండొచ్చని
సుగ్రీవ్ టాండీ అడిగేదాకా నాకు తోచలేదు.

బలంగీరు నుంచి వచ్చాడు.
పేరు విని మావాళ్లు మొదట్లో నవ్వారు,
వాలి యాడున్నాడ్రా అని.
వాడూ నవ్వాడు,
పళ్ల మీద కూడా రాతిపొడి.

ఆ పొద్దున వాడి పెళ్లాన్ని
ఒంగోలు పెద్దాసుపత్రి నుంచి తెచ్చారు.
ఆడపిల్ల. రెండు కిలోల నూటయాభై.
రేకుల షెడ్డులో ఆరో గది,
తల్లికి కుట్లు, బిందె ఎత్తే మనిషి లేదు,
పుట్టిల్లేమో రెండు రైళ్ల అవతల.
"సార్, పది రోజులు సెలవు."

మేస్త్రీ పేరయ్య నా కంటే ముందే అందుకున్నాడు:
"వరసగా మూడు గైలు పడితే పేరు కొట్టేస్తాం,
పేరు పోతే గదీ పోద్ది."
మా దగ్గర సెలవడిగితే
సెలవే ఇస్తారు.
తెలుగులో ఆ మాటకున్న రెండో అర్థం
వాడికి ఆ పూటే తెలిసింది.

సుగ్రీవాజ్ఞ అంటాం కదా, దాటరానిదని.
ఇక్కడ ఆజ్ఞ ఒకరిది, సుగ్రీవుడు ఇంకొకడు.

అట్లని కాగితం లేక కాదు.
రాయి కొనే ఇటలీవాళ్లు తనిఖీకొస్తున్నారని
ఆ నెల్లోనే గోడకు చట్టం బిగించారు:
పితృత్వ సెలవు, ఏడు రోజులు, జీతంతో,
కార్మికులందరికీ.
అందరికీ అన్న మాట కింద
చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు.
ఒకే కాంట్రాక్టరు కింద ఏడాది నిండాలి.
(వాడు నాలుగేళ్లుగా అదే రంపం దగ్గరున్నాడు,
కాంట్రాక్టరు పేరే
ఐదు నెలలకోసారి కుబుసం విడుస్తుంది.)
పెళ్లి సర్టిఫికెట్టు. ఈ జిల్లా అడ్రసున్న ఆధారు.
అన్నీ చదివి చెప్పాను, సగం హిందీ, సగం సైగ.
వాడు అక్షరాలు వదిలేసి బొమ్మ చూశాడు,
పసిబిడ్డనెత్తుకున్న తెల్లచొక్కా నాన్నని.
"ఈయన ఏ షిఫ్టు సార్?"

నా సంగతీ చెప్పాలి.
కంపెనీ రోలు మీదున్న మాకు
ఐదు రోజులు ఎప్పట్నుంచో ఉంది.
మా రెండోది పుట్టినప్పుడు పొదిలి వెళ్లి
ఒకసారి ఉయ్యాల ఊపి,
తక్కిన నాలుగు రోజులూ
బావమరిదితో పేకాడాను.
ఎవరూ ఏమనలేదు.
తండ్రి వచ్చాడన్నారు, టీ ఇచ్చారు.

వాడికి సెలవిచ్చింది కరెంటోళ్లు.
రాత్రి షిఫ్టులో కరెంటు పోతే
రంపం రాతిలో సగం దిగి ఆగిపోతుంది.
చీకట్లో అందరూ బీడీలు ముట్టిస్తే
వాడు నీళ్ల డ్రమ్ము దగ్గర
మోచేతులదాకా కడిగేవాడు,
ఒకసారి, ఇంకోసారి, మూడోసారి,
పొడి పిల్ల ముక్కులోకి పోకూడదని.
ఆ తర్వాత పరుగు.
కాసేపటికి బోరింగు కొట్టే చప్పుడు,
బిందె నిండే చప్పుడు,
వాళ్ల భాషలో చిన్నగా ఏదో మాట,
ఆ మాటకు ఏడుపు ఆగడం.
మెషీన్లు మూలిగేసరికి వెనక్కి వచ్చేవాడు,
భుజం మీద పాల మరకతో.

కరెంటు పోయిన నిమిషాలు రాసే పుస్తకం వేరే ఉంది నా దగ్గర.
ఒక రాత్రి ఊరికే కూడాను.
నలభై రోజుల్లో
ఆరు గంటల పది నిమిషాలు.
ఆ మొత్తానికి ఎదురుగా ఏం రాయాలో తెలీక
పెన్సిల్‌తో వాడి పేరు రాశాను.

యార్డులో పాలిష్ పట్టిన నల్లరాయి
ఒంటినిండా చుక్కలతో ఓడ కోసం చూస్తుంటుంది,
ఎవరి వంటింటి గట్టుకో.
రంపం ఆగి మళ్లీ మొదలైన చోట
అందులో ఒక గీత ఉంటుంది.
పాలిష్‌తో పోతుందంటారు.
నాకు కనపడుతూనే ఉంటుంది.

తనిఖీ బాగా జరిగింది.
వచ్చినవాళ్లు మెచ్చుకుని
గోడ మీది చట్టాన్ని ఫొటో తీసుకున్నారు.
ఆర్డర్లు పెరిగాయి.
మొన్న సోమవారం
కొత్త జనరేటరు దిగింది.