ఆరు బెజ్జాలకు

అబర్డీన్‌లో బూడిదరంగు అడగడమంటే
సముద్రం ఒడ్డున ఉప్పు అడగడమే.
అయినా వచ్చింది ఇష్బెల్,
అగ్గిపెట్టెలో దూది పరిచి
గోరంత గోడ పెచ్చు పెట్టుకుని.

ఆ రంగు చేసిన కంపెనీ మూతపడి ఆరేళ్ళు.
పేరు మాత్రం ఆమెకు గుర్తుంది: తడిసిన పలక.
నా కొట్లో ఒకరిది పావురం మెడ,
ఇంకొకరిది ఆదివారం వాన.
పేర్లకేం!
మూత తీస్తే అన్నీ తెలుపూ నలుపూ,
పైన ఇంకేదో ఒక్క చుక్క.
ఆ చుక్క దగ్గరే పేచీ అంతా.

యంత్రం పెచ్చును చూసి నీలం అంది.
ట్యూబ్‌లైటు కింద నేనూ సరేనన్నాను.
వీధిలోకి పట్టుకెళ్తే ఊదాకు తిరిగింది.
ఇష్బెల్ ఏమీ అనలేదు,
అగ్గిపెట్టె మూసింది.

నాలుగోసారి ఆకుపచ్చ వేశాను, సూదిమొనంత.
తడి రంగును నమ్మకూడదు.
ఆరేదాకా టీ తాగుతుంటే చెప్పింది,
మెట్ల పక్క చేతికమ్మీ తీయించేసిందట.
పట్టుకుని ఎక్కే మనిషి లేడు కనక.

ఆరింది. పెచ్చు ఆనిస్తే అంచు కనబడలేదు.
"ఎక్కడిదీ పెచ్చు?"
"అల్మరా వెనకది."
"అక్కడ ఎండ తగలదు. మెట్ల దగ్గర ఇది కలవదమ్మా."
"తెలుసు. కమ్మీ పొడుగునా
ఆయన వేళ్ళు రాసుకున్న చార ఉంది.
దాని జోలికి పోను.
ఆరు బెజ్జాలకు చాలు."

అంత చిన్న డబ్బా ఏ కంపెనీ చెయ్యదు.
జామ్ సీసా కడిగి పోసిచ్చాను.

తప్పిన మూడు డబ్బాలూ ఇంకా అరమీదే ఉన్నాయి,
సగం ధరకి.
వానరోజున చూస్తే
మూడూ ఒకటే రంగు.