పాయింట్ రెండు నాలుగు

పేరింకా లేదు.
కాలికి కట్టిన చీటీ మీద
"ఢిల్లేశ్వరి బిడ్డ. ఆడ. రెండు కిలోల నాలుగొందలు."
పలాస నుంచి శ్రీకాకుళం పెద్దాస్పత్రి దాకా
నూట ఎనిమిదిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది అమ్మమ్మ తౌడమ్మ,
జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడ్డ వేళ్ళు
పిల్ల బుగ్గకి తగలకుండా మడుచుకుని.

"గుంట సైకిలు తొక్కతంది సూడమ్మా,
పెదాలు సప్పరిస్తంది, పాలకే గావాల."

కాలు పట్టుకున్నాను, మెల్లగా.
ఉత్త వణుకైతే పట్టుకుంటే ఆగుతుంది.
నా పిడికిట్లో ఆ కాలు తొక్కుతూనే ఉంది,
ఎక్కడికో పొద్దుపోయినట్టు.

బొడ్డు పైన రెండు వాతలు, పసుపుకొమ్మువి.
ఎవరు పెట్టారని అడగలేదు.
తౌడమ్మే తల దించుకుంది.

ముందు చక్కెర చూశాం, మడమ మీద ఒక బొట్టు తీసి.
బాగానే ఉంది.
బాగుండకపోతే బాగుండేదనిపించింది,
తీపితో పోయేది.

ఫినోబార్బిటోన్. కిలోకి ఇరవై.
నలభై ఎనిమిది మిల్లీగ్రాములు.
ఆంప్యూల్ మెడ విరిచి సిరంజిలోకి లాగితే
పాయింట్ రెండు నాలుగు.
ఉగ్గుగిన్నె అడుగైనా తడవదు.
డాక్టరమ్మ ఒకసారి, నేనొకసారి
ఆ అంకెని పైకి చదివాం.
చుక్క ఒక్క గడి జరిగితే
ఊపిరి ఎంత దూరం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు.
సెలైన్లో కలిపి ఇరవై నిమిషాలు.
ఆ ఇరవై నిమిషాలూ
సిరంజిని కాదు, ఛాతీని చూస్తాం.

రెండున్నరకి మళ్ళీ సైకిలు.
మళ్ళీ మందు, ఈసారి సగం.

మూడూ పదికి కాళ్ళు ఆగాయి.
పెదాలు ఆగాయి.
డాక్టరమ్మ చల్లారిన టీ తాగేసింది.

మేము బయటికి అనని మాట ఒకటుంది.
ఈ మందు ఒంటిని ఆపుతుంది.
లోపల కరెంటు ఆగిందో లేదో
చూసే మిషను విశాఖలో ఉంది.

తలుపు తీసి, "తగ్గిందమ్మా" అన్నాను.
తౌడమ్మ నవ్వలేదు.
"తిత్లీ రేత్రి గాలొకపాలి ఆగింది తల్లీ.
అయిపోనాదని దీపమట్టుకుని బయటికొచ్చినాం.
అటేపు నుంచి మళ్ళీ కొట్టింది."

లోపలికొచ్చి స్టూలు దగ్గరికి లాక్కున్నాను.
ఆ పాదం మళ్ళీ నా పిడికిట్లో,
వెచ్చగా, ఊరికే.
రెండో చేత్తో చార్టు నింపాను:
మూడూ పది. కదలిక లేదు.
ఆగింది అని మాత్రం రాయలేదు.