రవ్వంత మసక

చిత్తూరు మిట్టూరులో మా మిద్దెకి
పదహైదేండ్లుగా ఒకటే ఫేజు.
కింద ధనభాగ్యం పిండి అంగడి,
నడిమింట్లో నా కుట్టుమిషను,
పైన పురుషోత్తం సారు ట్యూషను.

తెల్లారుజామున నాలుగున్నరకి
ఆమె గ్రైండరు స్విచ్చి వేస్తానే
నా బల్బు, మాట్లాడతా ఉన్న మనిషి
గుటక మింగినట్టు
రవ్వంత మసకబారి
మళ్ళీ సర్దుకునేది.
ఉద్దిపప్పు నానిందనీ
ఆమె మోకాలు ఈ పొద్దు మాట వినిందనీ
నాకు అట్ల తెలిసేది.

నేను ఇస్త్రీపెట్టె పెడితే
పైన సారు ఫ్యాను నీరసపడేది.
కర్రతో నేల మీద కొట్టేవాడు.
ఒక దెబ్బకి అర్థం, ఆపు.
రెండు దెబ్బలైతే, కానీలే,
పిలకాయలు ఇండ్లకి పొయినారు.

ఆ ఎండాకాలం సారు ఏసీ కొన్నాడు.
బస్టాండు కాడ హోటలోళ్ళు
దినానికి నలభై కేజీల పిండి అడిగినారని
ధనభాగ్యం ఇంకో గ్రైండరు దించింది.
ఒక్క సాయంత్రంలో మూడుసార్లు ఫ్యూజు కాలి
నాలుగోసారికి కటౌటే కరిగి
మెట్ల మీదంతా కమురు వాసన.
ఓనరు గోవిందసామి మొదలియారు
ముక్కు మూసుకొని అనినాడు:
"త్రీఫేజు పెట్టిస్తాం. తలా ఒక వాటా."

ఒక బల్బు, ఒక మిషను, ఒక ఇస్త్రీపెట్టె,
నాకెందుకబ్బా వాళ్ళతో సమానంగా వాటా?
మెట్ల మీద నిలబడి గట్టిగానే అరిచినా.
మర్నాడు సగం డబ్బు ధనభాగ్యమే కట్టేసి
"రెండు జాకెట్లు కుట్టియ్యి, సరిపోతుంది" అనింది.
గుడ్డ మాత్రం ఇప్పటికీ తేలేదు.

కరెంటాఫీసుకి నాలుగు తిరుగుళ్ళు.
అద్దాలు తుడుచుకుంటా గుమాస్తా అడిగినాడు,
"లోడెంతమ్మా?"
ఎంత మోస్తావని
నన్ను అంత మర్యాదగా
అంతకు ముందు ఎవురూ అడగలా.
ఎనిమిది కిలోవాట్లని రాసుకొమ్మన్నా,
మొత్తం మిద్దెకి.

లైన్‌మ్యాను కరీముల్లా వచ్చి
స్తంభం నుంచి నాలుగు తీగలు లాగినాడు.
ఎరుపు సారుకి, పసుపు నాకు, నీలం కిందికి.
"ఈ నల్లది?"
"న్యూట్రల్ మా. మీరు ముగ్గురూ సమంగా లాగితే
దీంట్లో ఏమీ పారదు.
ఒకరెక్కువ, ఒకరు తక్కువ లాగితే
ఆ తేడా అంతా దీని నెత్తినే."
మజ్జిగ తాగి, గ్లాసు బోర్లించి పొయినాడు.
నాకు మా చిన్నమ్మ గుర్తుకొచ్చింది.

ఆ మర్నాడు నాలుగున్నర.
నా బల్బు కదల్లేదు.
కింద రెండు గ్రైండర్లూ తిరగతా ఉండాయి,
ఆ చప్పుడు వీధంతా ఇంటాది.
బల్బు గుటక మింగేది మాత్రం
నాకొక్కదానికే తెలిసేది.
నేను కాజాలు కుడతా
మధ్య మధ్యలో తలెత్తి చూసినా.
తెల్లగా, నిలకడగా, ఎవురో తెలీనట్టు
వెలగతా ఉండాది.
ఇస్త్రీపెట్టె ఎంతసేపు పెట్టినా
పైనుంచి కర్ర చప్పుడే లేదు.

కార్తీకంలో ఒక తెల్లారుజామున
పసుపు ఫేజు పొయింది.
పైన సారు గదిలో వెలుతురు,
కింద అంగట్లో వెలుతురు,
నడాన నేనొక్కతే చీకట్లో
పెండ్లివాళ్ళ జాకెట్టు ఒళ్ళో పెట్టుకొని.
ముందు రోజుల్లో చీకటంటే
ముగ్గురమూ మెట్ల మీదికొచ్చి
విసనకర్రలతో కూసునేవాళ్ళం.

"ఏయ్, కిటికీ తెరువు!"
కింద నుంచి ధనభాగ్యం
జంక్షన్ బాక్సుకి తాడు కట్టి విసిరింది.
మూడోసారికి అందింది.
పిండి అంటిన వైరు, జిగటగా, చల్లగా.
బల్బు తగిలించినా.
వెలిగింది.

కింద రెండో గ్రైండరు స్విచ్చి పడినట్టుంది.
రవ్వంత మసకబారింది.

అటు చూస్తా ఉంటే
చేతి కుట్టు వంకర పొయింది.
విప్పలేదు.