పదిహేను అంగుళాల కాగితం

హడర్స్‌ఫీల్డ్‌లో జనవరి వాన
పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది.
దాంతోపాటే లోపలికొచ్చాడు ఎవర్టన్ క్లాకెన్,
తోపుడు బండి మీద బేస్ గిటార్ ఆంప్లిఫయరు,
దాని పైన దుప్పట్లో చుట్టిన రెండు స్పీకర్లు.
"పెట్టె ఒకటే. చోటు ఒక్కదానికే.
ఏది ఉంచాలో నువ్వు చెప్పు, లోర్నా.
నా చెవుల మాట నేను నమ్మడం మానేశాను."

బల్ల మీద రెండింటినీ బోర్లా పడుకోబెట్టాను.
ఒకటి అరవై నాలుగు నాటిది,
వీపు మీద గంట ఆకారంలో అయస్కాంతం,
బూడిద రంగు పెచ్చులూడి, అంచున తుప్పు.
ఇంకోటి డెబ్భై రెండు.
అయస్కాంతం దిబ్బరొట్టెలా మందంగా,
కాగితం మాత్రం కొత్తది. లీడ్స్‌లో ఎవరో
కోన్ మార్చి, కాయిల్ చుట్టి, తేదీ వేసి సంతకం పెట్టారు.

మీటరు పెడితే
ఆరు పాయింట్ నాలుగు, ఆరు పాయింట్ ఏడు.
అంకెల్లో తగువేమీ లేదు.
బ్యాటరీ తాకిస్తే రెండూ ముందుకే గెంతాయి,
ఒకటి ఎక్కిలి వచ్చినట్టు,
ఒకటి పేరు పిలిస్తే లేచి నిలబడే బడిపిల్లాడిలా.

బొటనవేళ్లతో నొక్కి, చెవి ఆనించాను.
కొత్త కాగితం కిమ్మనలేదు.
పాతదాంట్లో ఎక్కడో
అన్నంలో రాయి తగిలినంత గీర.
దీపం కింద ఎత్తి చూస్తే చినుగు.
వేలెడంత. సిగరెట్ కాగితం అతికించి
పైన గోళ్ల రంగు పూశారు.
ఎర్రటి ఎరుపు, ఇంకా వెలవలేదు.

"అది డాఫ్నీది," అన్నాడు, నేనడక్కముందే.
"ఊలు మిల్లు క్లబ్బులో, రెండో విడతకి ముందు,
మా డ్రమ్మర్ చేతికర్ర జారి గుచ్చుకుంది.
టికెట్లు చింపే అమ్మాయి హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది.
పూసి, మోకాళ్ల మీద కూచుని
ఆరేదాకా ఊదుతూనే ఉంది."
ఆ తర్వాతేమైందో చెప్పలేదు.
నేనూ అడగలేదు. స్క్రూడ్రైవర్ వెతుక్కున్నాను.

ఎనిమిది మరలు బిగించి, ఎనిమిది మరలు విప్పి,
మళ్లీ ఎనిమిది.
వాల్వులు వేడెక్కి దుమ్ము కాలిన వాసన.
అతను అన్నిటికన్నా లావు తీగ మీటాడు.

కొత్త కోన్‌లోంచి స్వరం నిలువుగా వచ్చింది,
ఇస్త్రీ మడత చెదరని చొక్కా.
ఎక్కడ మొదలైందో తెలుసు, ఎక్కడ ఆగిందో తెలుసు,
వేలు తడబడితే అదీ తెలుసు.

పాతదాంట్లోంచి స్వరం రావడం కాదు,
గదిలో ముందునుంచీ ఉన్నదాన్ని
మేమిప్పుడే గమనించినట్టు.
అంచుల్లేని మంద్రం.
అరలో మరల డబ్బా తనలో తాను గొణుక్కుంది.
గట్టిగా మీటినప్పుడు మాత్రం ఆ ఎరుపు దగ్గర
కాస్త బొంగురు.

శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు.
తీగ అదే, వేలు అదే, కరెంటూ అదే.
అరగంటనుంచీ నేను చూస్తున్నది శంఖాల్నే.

అప్పుడతను వినికిడి మిషన్లు రెండూ తీసి
నా టీ సాసర్లో పెట్టాడు.
గిటార్ నా చేతికిచ్చి పెట్టె మీద కూచున్నాడు.
"నాకు వాయించడం రాదు," అన్నాను.
వినపడలేదు.
మీటాను. కళ్లు మూసుకున్నాడు.
స్పీకర్ మార్చి మళ్లీ మీటాను.
వాన పక్కనుంచి కొడుతూనే ఉంది.

"కొత్తది," అన్నాడు లేస్తూ.
బిల్లు మీద పాతదాని నంబరు అప్పటికే రాసేశాను.
"ఆ ముసల్ది నా తప్పులన్నీ కడుపులో దాచుకుంటుంది.
ఆదివారం మనవరాలి పక్కన వాయించాలి నేను.
దాని చెవులు కత్తులు.
తప్పు పడితే ముందు నాకు తెలియాలి కదా."

"మరి ఇది?"
దుప్పటి నా వైపు నెట్టాడు.
"ఉంచు. అమ్మొద్దు."

దుకాణం కట్టేశాక
దాన్ని ఖాళీ పెట్టెలో బిగించి రేడియో తగిలించాను.
వాతావరణం చదివే ఆవిడ గొంతు
ఒక్క మాట దగ్గర బొంగురుపోయింది.
రేపు కూడా వానే అంది.