నలభై మూడు గొట్టాలు

స్లేటు గని ఊళ్ళో చాపెల్ అమ్మేశారు,
ఫ్లాట్లు చేస్తారట.
వేల్స్ వానలో, గొర్రెల వ్యానులో,
పసిపిల్లల దుప్పట్లు చుట్టి
ఆర్గన్ గొట్టాలు తెచ్చాడు ఇద్వాల్.
మెత్తటి లోహం. వేలు నొక్కితే సొట్ట.

బల్లంతా పరిచేశాక
మెరెరిడ్ అడిగింది:
"మరి మనం తినేదెక్కడ?"

ఒకదాన్నిండా పిచ్చుక గూడు.
ఇంకోదాని మడమ మీద మేకుతో గీసిన పేరు,
తిత్తులు కొట్టే కుర్రాడెవడో,
ప్రసంగం మరీ సాగినరోజు.

అన్నిటికన్నా పొట్టిదాన్ని ఊదాడు.
కీచుమంది.
పక్కింటి కుక్క లేచి కూర్చుంది.

"ఏదీ, ఆ పెద్దదిలా ఇవ్వు."
మెరెరిడ్ ఊపిరంతా పోసింది.
దానికి సరిపడా గాలి ఈ ఇంట్లో లేదింకా.
పలకలేదు.
నూరేళ్ళ చాపెల్ దుమ్ము మాత్రం
పొయ్యి మీది సూపులో రాలింది.

గరిటె తిప్పి,
నిలబడే తాగారిద్దరూ.