గుడ్డసంచి

మహేంద్రగిరి మీద
పొద్దు ఇంకా మంచులోంచి చెయ్యి బయటపెట్టని వేళ
రాతి మీద దొరికింది,
పచ్చ నీరుకట్టె, మెడ మీద పసుపు మరక.
కరవలేదు.
కరిచేంత వేడి దానిలో లేదు.

మూరకి బెత్తెడు తక్కువ.
నోటుబుక్కులో రాసుకుని గుడ్డసంచిలో వేశాను.
సవర ఎండయ్య చూస్తూ ఊరుకున్నాడు.

దిగుతుంటే గాలి మారింది.
అనాసతోట దగ్గర చెమట,
జీడిమామిళ్ల దగ్గర దాహం,
మందస రోడ్డు కనబడేసరికి
సంచి కదలడం మానేసింది.

"ఇది సలికి పుట్టింది బాబూ,
కిందన దీనికి ఊపిరి సాలదు"
అన్నాడు. సంచి అందుకుని
వచ్చిన దారినే ఎక్కిపోయాడు.
ఆ పూట కూలి నేనింకా ఇవ్వనేలేదు.

కల్వర్టు మీద కూర్చున్నాను.
పలాస బస్సులు రెండు పోయాయి.
నా నీళ్లసీసా వేడెక్కి
సారాయిలా గొంతు దిగింది.

దీపాలవేళకి వచ్చాడు.
సంచి మడతపెట్టి ఇచ్చాడు, ఖాళీది,
లోపల ఇంకా చెమ్మ.
"బతికిందా?" అన్నాను.
"రాయి కిందకి పోయింది" అన్నాడు, అంతే.

నోటుబుక్కులో పొడవు పక్కన
ఎత్తు అనే గడి ఒకటుంది.
అందులో ఏం రాయాలో
ఎండయ్య మోకాళ్లని అడగాలి.